నీలం ఉంగరాలు

"నీ పెండ్లానికి చెప్పు సాయీ, మీ నాయిన ఇగ ఆ ఓట్సు ముట్టడని. గా జావ తాగీ తాగీ రక్తం నీళ్లయింది."

సాయిచంద్ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంకో వెబ్‌సైట్ తెరిచాడు. నిన్న ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అతనికి అదే పని. చదవడం, మొహం వేలాడేయడం, ఇంకోటి తెరవడం.

ఆ పెండ్లాం ఎక్కడో లేదు. ఆ మాటన్న కిష్టమ్మకి చేయి చాస్తే అందేంత దూరంలో, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అత్తయ్యకి చెప్పు సాయీ," అంది ఉదయశ్రీ. "ఓట్స్ తాగితే రక్తం నీళ్లవదని. డాక్టరుగారు మాట్లాడింది ఎముకల్లో మూలుగ గురించి. మన టిఫిన్ గురించి కాదు."

"మూలుగకు బలం తిండి కాడికెళ్లే వస్తదని చెప్పు."

"తిండి మానేసి తిట్లు తింటే బలం రాదని కూడా చెప్పు."

సాయిచంద్ ఎవరికీ ఏదీ చేరవేయలేదు. భార్య దృష్టిలో అతనొక పాడైన రూటర్. ఇటునుంచి ఎన్ని పంపినా అటు ఒక్కటీ చేరదు.

అసలు మామూలు రోజుల్లో ఈ రాకపోకలన్నీ మామగారి మీదుగా నడిచేవి. బాలనర్సయ్య మియాపూర్ డిపోలో బస్సులు బాగుచేసి రిటైరైన మెకానిక్. ఎక్కడ ఏ నట్టు బిగించాలో, దేన్ని జర వదులుగా ఉంచాలో ఆయనకి తెలుసు. "ఉప్పెక్కువైందని చెప్పు" అని భార్య అంటే, కోడలి దగ్గరికొచ్చేసరికి అది "పప్పు మంచిగైంది బిడ్డా, జర ఉప్పు చూసుకో" అయ్యేది. ముందటేడు బతుకమ్మ పండుగ నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదంటే, మాట్లాడుకోకుండానే ఇల్లు నడిచిందంటే, అదంతా ఆయన పనితనమే.

తగువుకి కారణం పెద్దదేం కాదు. అంటే, ఉదయశ్రీ లెక్కలో పెద్దది కాదు. ఇంట్లోంచి పనిచేస్తున్న రోజున ఆఫీసు కాల్‌లో స్నేహితురాలు అశ్వినితో, "మా అత్తయ్య లెగసీ సిస్టమే బాబూ, ముట్టుకుంటే కూలుతుంది, ముట్టుకోకపోతే మనల్ని కూలుస్తుంది" అని నవ్వింది. హాల్లో పూలు గుచ్చుతున్న కిష్టమ్మ విన్నది. కొడుకుని పిలిచి అర్థమడిగింది. ఆ మహానుభావుడు, కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకి చెప్పినట్టు, తీసేయలేక నెట్టుకొస్తున్న పాతకాలపు సాఫ్ట్‌వేర్ అని ఉదాహరణలతో సహా వివరించాడు.

అంతే. ఆ రోజు పడిన తాళం మళ్లీ తెరుచుకోలేదు.

"ఏందిరా, పొద్దుగాల్నే పంచాయితీ పెట్టిన్రు?"

బాలనర్సయ్య గోడ పట్టుకుని పడకగదిలోంచి వచ్చాడు. నల్లటి మనిషి, ఇప్పుడు బూడిద రాసినట్టున్నాడు. అడుగు ఎక్కడ పడుతోందో తెలియనట్టు కిందికి చూసుకుంటూ నడుస్తున్నాడు. అరికాళ్ల కింద దూది పరిచినట్టుందని ఎండాకాలం నుంచీ అంటున్నాడు. వయసు అనుకున్నారు అందరూ. ఆ తర్వాత రక్తం తగ్గింది, తెల్లకణాలు తగ్గాయి, తగ్గిన జ్వరం మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు.

ఆ మూలుగని గాజు పలక మీద పరిచి ఒక రంగు పోస్తారట. ఇనుము ఉన్నచోటల్లా నీలంగా మారుతుందట. మామగారి కణాల్లో ఆ నీలం చుక్కలు ఉంగరంలా గుండ్రంగా కూర్చున్నాయి. రక్తం డాక్టరు నిన్న చెప్పింది అదే. "ఈ ఉంగరాలు కనబడ్డాయంటే మూలుగ తన పని తాను మరిచిపోతోందని అనుమానించాలి. ఇంకా పరీక్షలు ఉన్నాయి. కొందరిలో ఇది ముందుముందు బ్లడ్ క్యాన్సర్‌గా మారొచ్చు."

డాక్టరు చాలా మాటలు చెప్పాడు. ఇంటికి వచ్చింది చివరి మాట ఒక్కటే.

"కూర్చోండి మామయ్యగారూ," అంటూ ఉదయశ్రీ కుర్చీ లాగింది. సరిగ్గా అప్పుడే కిష్టమ్మ ఇంకో కుర్చీ లాగింది. బాలనర్సయ్య రెండింటినీ చూసి, గోడకే ఆనుకుని నిలబడ్డాడు.

"నిలబడితేనే మంచిగున్నది," అన్నాడు.

ఫోన్ మోగింది. ఉదయశ్రీది.

"బాలనర్సయ్యగారి ఇంటివాళ్లేనా? నేను డాక్టర్ రోహిణిని. ఆయన మూలుగ స్లైడ్లు చూసేది నేనే. ఇవాళ ఆయన్ని తీసుకుని ల్యాబ్‌కి రాగలరా?"

ఉదయశ్రీ ఫోన్‌ని చెవికి నొక్కుకుంది. "ఏమైనా... ఎక్కువైందా డాక్టర్?"

"వచ్చాక మాట్లాడదాం. ఒక్క విషయం. ఆయన మింగే మందులన్నీ తీసుకురండి. డాక్టరు రాసినవే కాదు. బలానికని, నిద్రకని, ఎవరో చెప్పారని, ఏదైనా సరే. డబ్బాలతో సహా."

ఫోన్ పెట్టేసి విషయం చెప్పింది. ఎవరికి చెప్పాలో తెలియక గోడ గడియారానికి చెప్పినట్టు చెప్పింది. కిష్టమ్మ లోపలికెళ్లి గుడ్డ సంచి తీసి, అల్మారాలో మొగుడి మందులన్నీ అందులో వేసుకుంది. ఉదయశ్రీ తన గదిలోకెళ్లి, ఆఫీసు బ్యాగులో ల్యాప్‌టాప్ తీసేసి, తన దగ్గరున్న మామగారి మందులు సర్దుకుంది.

ఒకే మనిషి మందులు రెండు గదుల్లో ఎందుకున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పోపుడబ్బాలే రెండున్న ఇల్లది.

*

కారు సాయిచంద్ నడుపుతున్నాడు, పక్కన తండ్రి. వెనక సీటులో అత్త ఒక కిటికీకి, కోడలు ఒక కిటికీకి. మధ్యలో ఇంకో ఇద్దరు సుఖంగా కూర్చునేంత చోటు.

కొండాపూర్ సిగ్నల్ దగ్గర బాలనర్సయ్య వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నాకేమన్న అయితే, మీ ముగ్గురికి నడుమ మాట మోసేటోడు ఉండడు. గదే నా ఫికర్."

"నోర్ముయ్యి," అంది కిష్టమ్మ. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉదయశ్రీ కిటికీలోంచి గాజు బిల్డింగులు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఎక్కడ చెడిందో తవ్వి, మూలం బయటపెట్టడం. మనిషి ఒంట్లో చెడితే ఎక్కడ తవ్వాలో మాత్రం ఆమెకి తెలియలేదు. పెళ్లై తెనాలి నుంచి వచ్చిన కొత్తలో తనకి మియాపూర్‌లో బస్సు నంబర్లన్నీ నేర్పింది ఈ మనిషే. ఆఫీసు నుంచి ఎంత ఆలస్యమైనా మెట్రో మెట్ల కింద స్కూటర్ వేసుకుని నిలబడి ఉండేవాడు. "వచ్చినవా బిడ్డా" అనేవాడు, ఆమె రాదేమో అన్నట్టు.

*

డాక్టర్ రోహిణి గదిలో మైక్రోస్కోపుకి ఒక తెర తగిలించి ఉంది. ఆవిడ వాళ్లని కూర్చోబెట్టి, చేతిలోని టీ కప్పు పక్కన పెట్టింది.

"ముందు ఇది చూడండి. భయపడాల్సిందేం కాదు."

తెర మీద లేత గులాబీ రంగు పరుచుకుంది. దాని మధ్యలో గుండ్రటి కణాలు. ఒక్కో కణం నడుమ ఎర్రటి బొట్టు, ఆ బొట్టు చుట్టూ నీలం చుక్కలు.

కిష్టమ్మ ముందుకి వంగింది. "గిది మా ఆయన రక్తమా?"

"మూలుగమ్మా."

"మంచిగ ముగ్గేసినట్టున్నది." క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "నీలం మంచిదా, చెడ్డదా డాక్టరమ్మా?"

"ఇదొక్కటే చూస్తే చెడ్డదే. నేనూ అలాగే అనుకున్నాను. కానీ..." రోహిణి పలక మార్చింది. "ఇది ఇంకో రంగు వేసింది. అవే కణాలు. లోపల చూడండి, ఏం కనబడుతోంది?"

"బుడగలు," అంది ఉదయశ్రీ. నిజమే. కణాల లోపల చిన్న చిన్న గుండ్రటి ఖాళీలు, జల్లెడ కన్నాల్లా.

"అవే. నీలం ఉంగరాలు ఉండి, ఈ బుడగలు కూడా ఉంటే, మేం ఇంకో అనుమానం పడాలి. ఒంట్లో రాగి లేదేమోనని. అందుకే మొన్న తీసిన రక్తంలోంచే రాగి పరీక్షకి పంపాను. పొద్దున వచ్చింది. ఈయన ఒంట్లో రాగి దాదాపు లేదు."

"రాగి లేకపోవుడేంది?" కిష్టమ్మకి కోపమొచ్చింది. "రోజూ రాగిచెంబుల నీళ్లు పోసి ఇస్త. నేనే తోముత, చింతపండు పెట్టి."

"చెంబులో ఉంటే సరిపోదమ్మా, ఒంటికి పట్టాలి. పట్టకుండా ఏదో అడ్డుపడుతోంది. అదేంటో నాకు తెలియాలి. మందులు తెచ్చారా?"

కిష్టమ్మ గుడ్డ సంచి బల్ల మీద బోర్లించింది. బీపీ గోలీలు, గ్యాస్ గోలీలు, మోకాళ్ల నూనె, ఒక తెల్ల డబ్బా.

రోహిణి ఆ తెల్ల డబ్బా తీసుకుని తిప్పి చదివింది. "జింక్. ఇదెందుకు?"

"కరోనా అప్పటికెళ్లి వేసుకుంటున్నడు. బలమని. చందానగర్ల మెడికల్ షాపాయన దగ్గర నేనే తెస్త. అన్నం తిన్నంక ఒకటిస్త."

"ఒకటేనా?"

కిష్టమ్మ చేతులు ఒళ్లో నలిగాయి. "మొదలు ఒకటే. కాళ్లు తిమ్మిరి పట్టి నీరసపడ్డంక రెండు చేసిన."

రోహిణి తల పంకించింది, కానీ ఆవిడ మొహంలో లెక్క తేలలేదు. "ఇది ఎక్కువే. కానీ రాగి ఇంతగా అడుగంటాలంటే..."

ఉదయశ్రీ ఆఫీసు బ్యాగు జిప్పు తెరిచింది. ఇంకో డబ్బా తీసి, ఆ తెల్ల డబ్బా పక్కన పెట్టింది. నీలం మూత, అందమైన ఆకుల బొమ్మ. దాని మీదా అదే పేరు.

రోహిణి ఆ డబ్బా కూడా చేతిలోకి తీసుకుంది.

"ఇది నేను ఇస్తాను," అంది. "పొద్దున, టిఫిన్ తర్వాత. ఆఫీసుకి వెళ్లేముందు."

"ఒకటా?"

"ఆయన నీరసంగా ఉంటున్నారని... నేనూ రెండు చేశాను."

రోహిణి రెండు డబ్బాలనూ మార్చి మార్చి చూసింది. "ఒకరికొకరు చెప్పుకోలేదా?"

చెప్పుకోవడం ఎక్కడిది? కరోనా రోజుల్లో కోడలు తెప్పించేది, అత్త ఇచ్చేది. పద్ధతి బాగానే నడిచింది. మాటలు ఆగిపోయాక, కోడలు తెచ్చినవి ముట్టనని అత్త తనే కొనుక్కొచ్చింది. అత్త మానేసిందనుకుని కోడలు తనే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆ మనిషిని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. ఆయన తగ్గుతున్నకొద్దీ ఇద్దరూ ఇంకాస్త కాపాడారు.

కిష్టమ్మ కుర్చీలో సర్రున తిరిగింది. కొడుకు వైపు కాదు. మొగుడి వైపు కాదు.

"నువ్వెందుకిచ్చినవే?"

ఉదయశ్రీకి తనతోనే అంటోందని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "మీరెందుకిచ్చారు?"

"నేను పెండ్లాన్ని! నేనియ్యకుంటే ఎవలిస్తరు?"

"మీరు మానేశారనుకున్నాను! నేను తెచ్చిన డబ్బా అల్మారాలో అలాగే ఉంటే ఏమనుకోవాలి?"

"నువ్వు తెచ్చింది నేనెట్ల ముడత? పాత డబ్బా సామాన్ని కదా నేను, కూలిపోత!"

"అయితే నన్ను తిట్టాల్సింది! నాలుగు తిట్టి వదిలేయాల్సింది! ఇలా గోడలా కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది?"

"గోడకు చెవులన్న ఉంటయ్. నీకు అవి గూడ లేకపాయె!"

"అమ్మా, శ్రీ, ఇది ల్యాబ్," అన్నాడు సాయిచంద్.

"నువ్వు ఊకో!" అన్నారిద్దరూ.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. దగ్గు అనుకున్నారు ముందు. బాలనర్సయ్య నవ్వుతున్నాడు. భుజాలు ఊగుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"చూసినవా డాక్టరమ్మా," అన్నాడు. "బండి స్టార్టయింది."

రోహిణి నవ్వాపుకుంది. "మీకు తెలుసా, ఇద్దరూ ఒకటే ఇస్తున్నారని?"

"ఎర్కనే. డబ్బాల రంగు వేరే గాని రెండింటి రుచి ఒక్కటే. నోట్ల పాత పైసా పెట్టుకున్నట్టు ఉంటది."

"నాయినా!" సాయిచంద్ లేచి నిలబడ్డాడు. "మరి ఒకటి పారేయొచ్చు కదనే!"

బాలనర్సయ్య కొడుకుని నిదానంగా చూశాడు.

"ఎవలది పారేయాల్నో నువ్వు చెప్పురా."

సాయిచంద్ కూర్చున్నాడు.

"ఆమె అడుగుతది, కోడలు ఏమన్న ఇస్తున్నదా అని. లేదంట. ఈమె అడుగుతది, అత్తయ్య ఏమన్నా ఇచ్చారా అని. లేదంట. రెండు అబద్ధాలాడినంక, రెండు దిక్కుల గోలీలన్న నిజంగ మింగాలె కదా."

రోహిణి రెండు డబ్బాలనూ తన వైపు లాక్కుంది. గొంతు మారింది. "వినండి. ఈ జింక్ ఇవాళ్టితో బంద్. ఇది ఎక్కువైతే రాగిని ఒంటికి పట్టనివ్వదు. రాగి లేక మూలుగ అలా తయారైంది. రాగి సంగతి మీ డాక్టరుగారితో పొద్దునే మాట్లాడాను, ఆయనా ఒప్పుకున్నారు. రాగి ఎక్కిస్తే కొన్ని వారాల్లో రక్తం దానంతటదే లేస్తుంది. ఇది క్యాన్సర్ కాదు."

కిష్టమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అంది కిష్టమ్మ.

"క్యాన్సర్ కాదమ్మా."

కిష్టమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. సాయిచంద్ ముక్కు ఎగబీలుస్తూ, ఫోన్‌లో తెరిచి ఉన్న పేజీలన్నీ ఒక్కొక్కటే మూసేయడం మొదలుపెట్టాడు. ఉదయశ్రీకి ఉన్నట్టుండి ఆకలేసింది. ఎంత ఆకలంటే, ఆ క్షణాన ఎవరైనా తన ఓట్సే తనకి పెట్టినా రెండో గిన్నె అడిగేది.

"కాళ్లు?" అని అడిగాడు బాలనర్సయ్య.

రోహిణి ఆయన పాదాల వైపు చూసింది. "ఆ తిమ్మిరీ రాగి లేకే. రక్తం కోలుకున్నంత తొందరగా నరాలు కోలుకోవు. ఇంతకంటే చెడిపోకుండా ఆగుతాయి. తిమ్మిరి ఎంతవరకు పోతుందో ఇప్పుడే మాటివ్వలేను."

"ఆగితే సాలు. స్కూటర్ నడపనీకి కాళ్లు ఎక్కువ పనిచెయ్యవు."

"స్కూటర్ లేదు ఏం లేదు!" అన్నారు అత్తాకోడళ్లు. ఒకరి మాట ఒకరికి తగిలి, ఇద్దరూ ఆగిపోయారు.

రోహిణి కలం తీసింది. "రాగి మందు కూడా లెక్కప్రకారం పడాలి. ఎక్కువైతే అదో గొడవ. అందుకని ఇంట్లో మందులు ఒక్కరి చేతి మీదుగానే వెళ్లాలి. ఆ ఒక్కరి పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాను. వాళ్లతోనే మాట్లాడతాను. ఎవరు?"

కిష్టమ్మ మొగుణ్ని చూసింది. ఉదయశ్రీ మామగారిని చూసింది. సాయిచంద్ గోడ మీద క్యాలెండర్ని చూశాడు.

ఇద్దరిలో ఒకరిని ఎంచుకోలేకనే ఇంతదాకా తెచ్చుకున్న మనిషి, నోరు తెరిచాడు. ఒకసారి కుడివైపు చూశాడు. ఒకసారి ఎడమవైపు చూశాడు.

"డాక్టరమ్మా," అన్నాడు, "జర బాత్రూం ఎటుదిక్కున్నది?"

*

అత్తాకోడళ్లు ఆయన చెరో చెయ్యీ పట్టుకుని కారిడార్ చివరిదాకా నడిపించారు. అంత దగ్గరగా ఒకే మనిషిని మోస్తూ నడవడం ఇద్దరికీ కొత్త. అడుగులు కలవలేదు. బాలనర్సయ్య "లెఫ్ట్, రైట్" అని చెప్పాల్సి వచ్చింది. ఆయన లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు.

తలుపు బయట ఇద్దరే మిగిలారు. మధ్యలో మాట మోసేవాళ్లు ఎవరూ లేరు.

ఎవరివో రక్తం సీసాలు పెట్టిన ట్రే పట్టుకుని ఒకమ్మాయి వాళ్ల మధ్యలోంచి వెళ్లింది. వెళ్లాక కూడా ఇద్దరూ ఆ ఖాళీని అలాగే ఉంచారు.

"నీ పేరే రాయించు," అంది కిష్టమ్మ.

ఉదయశ్రీ తలెత్తింది.

"నీకు చదువున్నది. నంబర్లు, టైములు నీకైతే ఎర్క. నేను రేపు నిజాంపేట పోత, జ్యోత్స్న దగ్గరికి. కొన్ని దినాలు బిడ్డ ఇంట్లనే ఉంట."

"ఎందుకు?"

"ఎందుకేంది?" కిష్టమ్మ తన అరచేతుల్ని చూసుకుంది. చింతపండుతో రాగిచెంబు తోమి తోమి గరుకెక్కిన చేతులు. "గీ చేతులతోని మొగని నోట్ల మన్ను పోసిన. దినాం రెండేసి. మింగు మింగు అని బెదిరిచ్చి మరీ పోసిన. ఇగ గీ చేతులతోని ఆయనకు అన్నం ఎట్ల పెడ్త?"

అత్తగారు ఇల్లు వదిలి కొన్నాళ్లు ఎటైనా వెళ్తే బాగుండునని ఉదయశ్రీ కోరుకోని వారం లేదు. అశ్వినికి ఆ సంగతి తెలుసు, సాయికి తెలుసు, తెనాలిలో అమ్మకీ తెలుసు. ఇప్పుడు ఆ కోరిక దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడితే, చేతులు చాచబుద్ధి కాలేదు.

"మీరు రెండు ఇచ్చారు," అంది. "నేనూ రెండే ఇచ్చాను. మీదైతే చందానగర్‌లో దొరికే సాదా రకం. నాది ఖరీదైనది, ఇంకా స్ట్రాంగ్."

కిష్టమ్మ ఆమె వైపు చూసింది.

"మీరు నిజాంపేట పోతారు. బానే ఉంది. మరి నేనెక్కడికి పోవాలి అత్తయ్యా?"

లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది. గడియ మీద చెయ్యి పడింది, కానీ గడియ తియ్యలేదు. తలుపుకి అవతల ఆయన కూడా జవాబు కోసం నిలబడిపోయినట్టున్నాడు.